సౌండు బాక్సుకు పెట్టిన అడ్డకర్ర

బాన్సువాడలో మేం కిరాయికి ఉంటున్నవి రెండు గదులు. పక్క వాటాలో ఇంటి ఓనరు అవ్వ ఉంటుంది. రెండు వాటాలకూ నడుమ గోడ ఒక్కటే. నేను ట్రాక్టరు సామాన్ల షాపులో పని చేస్తాను. ఎండాకాలం షాపు పన్నెండున్నరకు మూసి మళ్ళీ నాలుగింటికి తెరుస్తాం. నా భార్య దవాఖానాలో నర్సు. ఆమెకు అన్నీ రాత్రి డ్యూటీలే. అంటే ఆమె నిద్రపోవలసిన వేళకే నేను అన్నానికి ఇంటికి వస్తాను. అన్నం తిని పాటలు పెడతాను.

ఎవరో ట్రాక్టరు మీద నుంచి విప్పేసిన ఎనిమిది అంగుళాల బేస్ స్పీకరు నాకు దొరికింది. పాత బీరువా ప్లైవుడ్‌తో దానికి నేనే పెట్టె కట్టాను. చెక్క పలచన. పాట మొదలవగానే పెట్టె పక్కలు ఉబ్బి లోపలికి పోయేవి. అరచేయి పెడితే తెలిసేది. ధన్ ధన్ అనవలసిన చోట బుర్‌ర్‌ర్ అని మోగేది.

ఒక రోజు అన్నం వడ్డిస్తూ నా భార్య చెప్పింది. "నిద్ర సాల్త లేదు. చేతులు వణుకుతున్నయ్. రాత్రి ఒక తాతకు ఇయ్యాల్సిన సూది పక్క మంచమాయనకు ఇయ్యబోయిన. పెద్ద సిస్టర్ చూసి ఆపింది. ఇంకొక్కపారి గిట్లయితె ఇంటికి పంపుత అన్నది."

ఆమె పాటల మాటే ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో నాకు అప్పుడు తట్టలేదు. తట్టినా పట్టించుకునేవాణ్ణి కాదేమో. "పెట్టె వణకబట్టి గట్ల మోగుతుంది, గట్టిగ చేస్త. ఇగ నీకు ఫికర్ లేదు" అన్నాను. ఏదో పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా అన్నాను.

లోపలి మూలల్లో చెక్క పట్టీలు అంటించాను. స్క్రూలు బిగించాను. సగం తగ్గింది. మిగతా సగానికి ఏం చేయాలని మా షాపు ఎదురుగా చెక్కపని చేసే వడ్లాయనను అడిగాను. "అటు పలకకు ఇటు పలకకు నడుమ ఒక కర్ర ఇరికియ్యి అన్నా, ఇగ కదలదు" అన్నాడు. ఆ తర్వాత నవ్వుతూ ఇంకో మాట అన్నాడు. "గని యాదుంచుకో, ఇప్పుడు సగం దెబ్బ చెక్కనే మింగుతుంది. పెట్టె గట్టిగయితె ఆ దెబ్బ సుత బయటకే వస్తది. మీ గోడ పైలం!"

ఈ మాట ఇంట్లో చెప్పలేదు. పెట్టెను గట్టి చేసేది ఆమె నిద్ర కోసమే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఆ మాట బయటపడితే ఆ సాకు కూడా పోతుంది.

షాపు యజమాని పెళ్ళికి పోయి సెలవిచ్చిన రోజున పని పెట్టుకున్నాను. నా బండిని తోటి పనివాడు కోటగిరికి తీసుకుపోయాడు కాబట్టి నేను ఇంట్లో ఉన్నట్టు బయటికి తెలియదు. ఎండ రాకుండా తలుపు దగ్గరికి వేసుకుని, మంచానికీ గోడకూ నడుమ నేల మీద పక్కకు పడుకుని, స్పీకరు విప్పేసిన రంధ్రంలోంచి కుడి చేయి భుజం దాకా లోపలికి పెట్టాను. అడ్డకర్రగా పాత పార కామను, అంటే దాని పిడికర్రను, కోసి పెట్టుకున్నాను. బిగుతుగా ఉండాలని గోరంత పొడుగ్గానే కోశాను. మా వైపు ఏ పనిముట్టుకు కామ దిగేసినా అంతే, కొంచెం ఎక్కువ ఉంచి కొట్టి కూర్చోబెడతాం. ఒక కొస అటు పలకకు ఆనించి, రెండో కొసను వెనక నుంచి పట్టి బలంకొద్దీ నా వైపు లాగాను. టక్కున కూర్చుంది. కూర్చోవడం నా చేతి కడియం మీద కూర్చుంది. కడియం కర్రకూ పలకకూ నడుమ పడిపోయింది.

లాగితే మణికట్టు మీద తోలు లేస్తోంది. తోద్దామంటే లోపల మోచేయి మడిచే జాగా లేదు. రెండో చేయి పట్టే సందు లేదు. సుత్తి మంచం కిందికి దొర్లింది. నా చెంప పెట్టెకు ఆని ఉంది. ఎంత ఊపినా పెట్టె పలక ఇసుమంతైనా కదల్లేదు.

అవ్వను పిలుద్దామని నోరు తెరిచాను. అప్పుడే అవతల అరుగు మీద నా భార్య గొంతు వినిపించింది. గడియారంలో పదకొండు.

"ఏంది బిడ్డా, డ్యూటీ ఎనిమిదింటికే అయిపోతది గద? రోజు గిప్పుడే వస్తవు?" అవ్వ అడిగింది.

"దవాఖానల మెట్ల కింద బెంచి ఉన్నది అవ్వా. గాడనే రెండు మూడు గంటలు ఒరిగి వస్తున్న."

"ఇంట్ల మంచం లేదా?"

"మంచం ఉన్నది. మంచం పక్కన డప్పు సుత ఉన్నది."

అవ్వ పకపకా నవ్వింది. "నిజమే తల్లీ! మొన్న నా చెంచాల డబ్బా దానంతట అదే నడిచి కిందికి దుంకింది. నేను దయ్యమనుకున్న, నీ మొగడు! చెప్పరాదు మరి?"

"చెప్తె మూడొద్దులు మూతి ముడుసుకుంటడు. పెట్టింది తింటడు, లేస్తడు, ఒక్క మాటుండది. ఆ మూడొద్దుల కంటె గా డప్పే నయం అవ్వా."

రోజూ దవాఖానాలో పని ఎక్కువైందని నాతో చెప్పేది. నేను నమ్మాను. నమ్మడం నాకు సులువు. ఆమె వచ్చేసరికి నేను షాపులో ఉంటాను.

అప్పుడైనా పిలవవలసింది. పిలిస్తే నేను విన్నానని తెలుస్తుంది. విన్నానని తెలిస్తే ఏదో ఒకటి అనాలి. కాబట్టి చేయి మొద్దుబారుతున్నా నోరు మూసుకుని పడుకున్నాను. అరుగు మీద వాళ్ళ మాటలు కూరగాయల మీదికి, ఎండల మీదికి పోయాయి. నేను గోడ సున్నం చూస్తూ ఉన్నాను.

చివరికి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందిది?"

"చెయ్యి ఇరికింది."

"ఎంతసేపాయె?"

"జరసేపే."

ఆమె నా ముఖం వైపు ఒకసారి, అరుగు వైపు ఒకసారి చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని, "వేళ్ళు ఆడియ్యి. తిమ్మిరెక్కిందా?" అంది, పేషెంటును అడిగినట్టే. సబ్బు నురగ తెచ్చి, తన సన్నటి చేతిని నా చేతి పక్కనుంచి లోపలికి పోనిచ్చింది. ఆ చేయి సన్నగా వణుకుతూ నా మణికట్టుకు సబ్బు రాసింది. అర నిమిషంలో నా చేయి బయటికి వచ్చింది. కడియం లోపలే ఉండిపోయింది.

"ఇగ వణకదా పెట్టె?" తుండుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"వణకది."

"మరి చప్పుడు తగ్గుతదా?"

తగ్గుతదనే మాట నాలుక కొస దాకా వచ్చింది. అలవాటు.

"తగ్గది," అన్నాను. "ఇంకింత ఎక్కువైతది. వడ్లాయన ముందే చెప్పిండు. నేనే నీకు చెప్పలేదు. మీరు అరుగు మీద మాట్లాడింది సుత విన్న."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "సరే, నాకు నిద్రొస్తుంది" అని మంచం ఎక్కి గోడ వైపు తిరిగింది. నేను స్పీకరు వైర్లు విప్పి చుట్టి పెట్టాను. ఆ పెట్టెలో మళ్ళీ స్పీకరు బిగించలేదు.

ఇంట్లో చప్పుడు ఆగి నెల దాటింది. ఆమె ఇంకా పదకొండింటికే వస్తోంది. "పని ఎక్కువైంది" అంటుంది. అవునా అంటాను. పాట ఆపేయడం నా చేతిలో పని. నేను మూతి ముడుచుకుంటానని ఆమె ఇన్నేళ్ళు పడ్డ భయం ఎట్లా విప్పాలో తెలియదు. మొన్న కూరలో ఉప్పు ఎక్కువైందని ఊరికే గమ్మున తిన్నాను. ఆమె రెండు సార్లు నా ముఖంలోకి చూసి, అన్నం వదిలి లేచి నిలబడింది. "ఉప్పెక్కువయింది, అంతే. కోపం లేదు" అన్నాను. మళ్ళీ కూర్చుంది గానీ, నా కంచం ఖాళీ అయ్యేదాకా ముద్ద నోట పెట్టలేదు.