పందిట్లో నీలం డ్రమ్ములు

నేను తోలిన లారీలో ఎక్కేది ఎవరికీ అక్కర్లేని సరుకు. రామగుండం చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీలు, వర్క్‌షాపుల నుంచి పాడైన యాసిడ్, రసాయనాల బురద, మాడిన నూనె నీలం డ్రమ్ముల్లో నింపుకొని, హైదరాబాద్ అవతల వాటిని పూడ్చే చోటికి తీసుకెళ్లాలి. డ్రమ్ములతో సహా అక్కడ అప్పగించాలి. రూలు అది. మా కాంట్రాక్టరు మాత్రం సరుకును ట్యాంకరులోకి ఒంపించి, ఖాళీ డ్రమ్ములను గోదావరిఖనిలో అమ్ముకునేవాడు.

కొనేవాళ్లకు కొదవా? రాష్ట్రం రాకముందు ఆ ఎండాకాలాల్లో మా బస్తీకి నల్లా ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ప్రతి గుమ్మం ముందూ ఒక డ్రమ్ము ఉండాల్సిందే. తెచ్చిన డ్రమ్మును చింతపండు, బూడిద వేసి తోమి, ఎండలో బోర్లించేవారు. వాసన పోయిందంటే మంచిదైపోయినట్టే లెక్క. ఇత్తడి బిందెకు పనికొచ్చే చిట్కా విషానికీ పనికొస్తుందని మావాళ్ల నమ్మకం. ఆ సరుకు కాస్త చింది నా ప్యాంటు ఉతుకులో పీలికలైంది. తెచ్చి చూపిస్తే నవ్వారు.

ఇంతలో మా అక్క కూతురి పెళ్లి కుదిరింది. "తమ్మీ, తాగే నీళ్లకు రెండు డ్రమ్ములు పంపియ్యిరా" అంది అక్క. పంపనన్నాను.

"ఊరందరికి దొరుకుతున్నయి, నీ సొంత అక్కకు లేవా?"

ఎంత చెప్పినా వినలేదు. నేరుగా వెళ్లి కాంట్రాక్టరునే అడిగింది. ఆయన పెళ్లి కానుకంటూ ఊరికే పంపించాడు.

పెళ్లి ముందురోజు పొద్దున నేను వెళ్లేసరికి పందిట్లో ఆ రెండు డ్రమ్ములూ అంచుల దాకా నిండి ఉన్నాయి. బావ ఎందరినో బతిమాలి తెప్పించుకున్న బొగ్గుగనుల కంపెనీ ట్యాంకరు మంచినీళ్లవి. పక్కనే స్టీలు గ్లాసులు కడిగి పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. గుంజలు పాతిన గడ్డపార అక్కడే ఉంటే అందుకొని రెండు డ్రమ్ములనూ అడుగున పొడిచాను. నీళ్లు చాపల కిందికి పారాయి. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. బావ వచ్చి నా కాలరు పట్టుకున్నాడు.

"కొట్టు బావా, కొట్టు. ఈ నీళ్లయితే ఎవ్వల్ని తాగనియ్య" అన్నాను.

అక్క ఏడ్చింది. "నా బిడ్డ పెండ్లి నీళ్లు పారబోసినవ్ గదరా! నువ్వు బుట్ట ఎత్తుడు వద్దు, ఏం వద్దు. నా గడప తొక్కకు."

పెళ్లికూతురిని బుట్టలో ఎత్తుకోవలసిన మేనమామను నేనే. ఆ పని మేనమామ వరసయ్యే ఇంకెవరో చేశాడట. ఇరుగుపొరుగు బిందెలతో మోసుకొచ్చిన నీళ్లతో పెళ్లి గడిచింది. సంగతి తెలిసి కాంట్రాక్టరు నా దగ్గర బండి తాళాలు లాక్కున్నాడు.

"నీ పని బండి తోలుడు. డ్రమ్ముల ఫికర్ నీకెందుకు?"

"గా డ్రమ్ముల నీళ్లు నువ్వొక గిలాస తాగి చూపెట్టు, నీ కాళ్లు మొక్కుత" అన్నాను. తాళాలు జేబులో వేసుకొని లోపలికి పోయాడు.

అక్క ఇప్పటికీ అందరితో అంటుంది: "పెండ్లిల ఎవలకన్న ఏమన్నయ్యిందా? ఒక్కలకన్న తల్కాయ నొచ్చిందా?" ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి తప్పు నాదట. ఏమీ కాకూడదనే పొడిచానంటే ఎవరికీ ఎక్కదు. మేనకోడలు పిల్లాపాపలతో చల్లగా ఉంది, నా మొహం మాత్రం చూడదు. బాధ లేదా అంటే ఉంది, చాలా ఉంది. అయినా రేపు ఇంకో పందిట్లో అలాంటి డ్రమ్ము కనబడితే మళ్లీ పొడుస్తాను.