రెండో తరగతిలోనే తేలిపోయింది

నా కూతురు బడి నుంచి వచ్చేసరికి ముక్కు కొస ఎర్రగా కందిపోయి ఉంది. ఎందుకో అడగనక్కర లేకపోయింది. ఎక్కం తప్పిన పిల్లల్ని, సరిగ్గా చెప్పిన పిల్ల చేత ముక్కు పట్టించి చెంప మీద కొట్టించడం మా నల్లగొండ బడుల్లో నా చిన్నప్పుడూ ఉంది. అప్పుడు కొట్టేదాన్ని నేను.

రెండో తరగతిలో నేనే ఫస్టు. నా దెబ్బ రోజూ తినేది ఒక సాలెవాళ్ల పిల్ల. పొద్దున నాయిన మగ్గానికి నూలు కండెలు చుట్టి పెట్టి, మొదటి గంట అయిపోయాక వచ్చేది. కొత్త ఎక్కం చెప్పేది ఆ గంటలోనే. మెల్లగా కొడితే సారు నన్ను కొట్టేవాడు కాబట్టి గట్టిగానే కొట్టేదాన్ని.

"జర మెల్లగ కొట్టరాదే! నా ముక్కు ఊడొస్తే రేపేం పట్టుకుంటవు?" అనేది.

మూడో తరగతిలోకి ఆ పిల్ల రాలేదు. దానికి చదువు అబ్బదని సారు అన్నాడు. నేనూ నమ్మాను. నేను పి.యు.సి. దాకా చదవగలిగింది నా తెలివితోనే అనీ నమ్మాను.

ఇప్పుడు రెండో తరగతిలోనే నా బిడ్డ తట్టు పోసి రెండు నెలలు మంచం పట్టింది. లేచి వెళ్లేసరికి తరగతి ముందుకు పోయింది. ఇంట్లో నేను అడిగితే ఎక్కాలన్నీ చెబుతుంది. బడిలో నిలబెడితే నోరు పెగలదు. పరీక్షల ముందు వెళ్లి వాళ్ల సారును కలిశాను.

"పైతరగతికి పంపున్రి సార్, ఎండాకాలంల నేను చదివిస్త. ముక్కు పట్టిచ్చుడొక్కటి బందు చెయ్యున్రి."

"ఏందమ్మా, గింత చదువుకున్నోళ్లు మీరే గిట్లంటె ఎట్ల? రెండుల నిలవనిది పదిల నిలుస్తదా? మీరు చిన్నప్పుడు దెబ్బలు తిన్నరా, కొట్టిన్రా?"

"కొట్టిన."

"గదే మరి! కొట్టినోళ్లే పైకొచ్చిన్రు," అని నవ్వాడు.

ఆ మాటకు సాక్ష్యం నేనే. సాలెవాళ్ల పిల్ల సంగతి చెబుదామనుకున్నాను. అదీ ఆయన మాటకే బలమయ్యేది.

ఇంటికి నడుస్తుంటే బిడ్డ అడిగింది: "అమ్మా, సారు నన్ను మూడోదాంట్లకు పంపుతడా?"

"పంపుతడు బిడ్డా."



సారు పంపలేదు. బడి తెరిచిన రోజు బిడ్డను మళ్లీ రెండో తరగతికే నేనే తీసుకెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. గదినిండా తనకంటే చిన్నపిల్లలు. ముందు చాప మీద జాగా ఉంది. ఎవరూ చెప్పకముందే అది వాళ్లను దాటుకుంటూ పోయి, చివర గోడకు ఆనుకుని కూర్చుంది.