కలుపుకు నీళ్ళు పోసిన ప్రభాకరన్న

ప్రభాకరన్న ఇక లేరన్న వార్త మేముండే సెంబవాంగ్ పేట తోట ఫోన్ గ్రూపులో తెల్లవారుతూనే వచ్చింది. నమ్మలేక మళ్ళీ చదివాను. ముందురోజు సాయంత్రమే, ఈసారి మడిలో కొత్తిమీర వేద్దామన్నందుకు నాతో తగువు పెట్టుకున్న మనిషి! నిద్రలోనే గుండె ఆగిందట. ఆ గుండెకు ఆగడం కూడా తెలుసని నేనెన్నడూ అనుకోలేదు.

కర్నూలు ఉల్లి రైతుల ఇంట పుట్టి, దేశం దాటి వచ్చి ఇక్కడి బ్యాంకులో కంప్యూటర్ల మధ్య జీవితం గడిపిన ఆయనకు మా అపార్ట్‌మెంట్ బ్లాకు కింది సామూహిక తోటలో ఒక మడి దొరికింది. అందులో ఉల్లి తప్ప మరొకటి వేయనని పంతం పట్టారు. అస్తమానం వానలు పడే ఈ నేలలో కలుపు ముందు లేచి మొదటి పంటను మింగేసింది. పారతో గీకబోతే, పైపైనే ఉండే ఉల్లి వేర్లు తెగి మిగిలిన మొక్కలూ వాడిపోయాయి. ఈసారీ పంట రాకపోతే మడి వేరొకరికి ఇచ్చేస్తామని తోట బాధ్యురాలు లిమ్ ఆంటీ చెప్పేసింది. అన్న ముఖం మాడిపోయింది.

మరునాడు చూద్దును కదా, నారు నాటకుండా ఖాళీ మడికి నీళ్ళు పోస్తున్నారు! వారం తిరిగేసరికి మడినిండా గడ్డి మొలిచింది. దానికీ పోశారు. తోటంతా నవ్వింది.

"అంకుల్, వాటరింగ్ వీడ్స్ ఆ? క్రేజీ లా!" అంది లిమ్ ఆంటీ, ఇక్కడివాళ్ళ ఇంగ్లీషు యాసలో.

నాకు తల కొట్టేసినట్టయింది. "అన్నా, మడి పోతది. కలుపుకు నీళ్ళు పోసుడేంది?" అన్నాను.

"మొలిచేదంతా ఇప్పుడే మొలవనీమ్మా. ఉల్లి లేనప్పుడు కొట్టేది సులువు. నాటినాంక కొడితే మనకే దెబ్బ" అన్నారాయన.

గడ్డి లేతగా ఉండగానే, మట్టిని లోతుగా కదపకుండా పైపైన గీకేశారు. మళ్ళీ తడిపి, మొలిపించి, గీకారు. ఆ తరువాతే నారు నాటి, సందుల్లో ఎండుగడ్డి పరిచారు. అక్కడక్కడ తలెత్తిన వాటిని పీట మీద కూర్చుని వేళ్ళతో తీసేవారు. తుంగ అనుకుని నేనొకసారి ఉల్లి నారే పీకాను. "నీకు దండం పెడతా, నువ్వు టీ తెచ్చిస్తే చాలమ్మా!" అని కసిరారు. టీ తాగేలోపు ఆ కోపం కాస్తా పోయింది.

పంట తీసిననాడు ఆయన వైభవం చూసి తీరాలి. నిమ్మకాయలంత ఎర్రటి గడ్డలు! మొదటిది లిమ్ ఆంటీ చేతిలో పెట్టి, "కర్నూలోడు ఉల్లితో ఓడిపోతాడా?" అని తెలుగులోనే గర్జించారు. అర్థం కాకపోయినా ఆవిడ చప్పట్లు కొట్టింది. పంటంతా తోటలో పంచేసి ఆయన ఖాళీ చేతులతో ఇంటికి వెళితే, వదిన మనవాళ్ళ అంగళ్ళుండే లిటిల్ ఇండియాకు వెళ్ళి ఉల్లిపాయలు కొనుక్కొచ్చింది.

అంత్యక్రియలు ముగిసి వస్తూ తోటలోకి చూశాను. ఆయన చివరిగా తడిపిన ఖాళీ మడిలో సన్నగా గడ్డి లేస్తోంది. పక్కనే లిమ్ ఆంటీ నిలబడి ఉంది. మడి ఇక ఎవరికి ఇస్తారని అడగబోయాను. ఆవిడ నీళ్ళ క్యాన్ నా చేతికిచ్చి, "డోంట్ పుల్ ఫస్ట్, లా. అంకుల్స్ వే" అంది. ఇప్పుడే పీకొద్దు, అన్న పద్ధతే అని.

అలాంటి పట్టుదల గల మనిషి మాకు మళ్ళీ దొరకరు. అంత్యక్రియల్లో ఆయన పాదాలకు అందరూ పూలు సమర్పించారు. నేను ఏడుస్తూ కలుపుకు నీళ్ళు పోశాను.