చెల్లికి కొబ్బరి నీళ్లు మాన్పించిన తెలివి

మా ఉద్దానంలో ఒకరికి బీపీ ఉందని తెలిస్తే చాలు, ఊరంతా డాక్టర్లయిపోతారు. "కిడ్నీలే, ఇంకేటి" అంటారు. కాళ్లు లాగితే కిడ్నీలు, నడుం పట్టేస్తే కిడ్నీలు, పెళ్లాం మీద విసుక్కున్నా కిడ్నీలే. భయపడ్డానికి కారణం లేదనను. మా వీధిలోనే డయాలసిస్‌కి పోయొచ్చే వాళ్లున్నారు. పోయిన వాళ్లూ ఉన్నారు. కానీ భయపడితే చాలు, ఇక ఆలోచించక్కర్లేదనుకునే మనుషులం మేము. అందులో డిగ్రీ చదివిన వెధవని నేను.

అక్కుపల్లి దారిలో నాకు కొంచెం కొబ్బరి తోట, కొంచెం జీడి తోట ఉన్నాయి. తోటని ఆనుకునే మా చెల్లి ఇల్లు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే పని తనది. మా బావ అదే ఫ్యాక్టరీలో వాచ్‌మన్, నోట్లో నాలుక లేని మనిషి. అందుకని చెల్లి జబ్బుకి పెద్దరికం నేనే తీసుకున్నాను. తీసుకోమని ఎవరూ అడగలేదు.

తనకి బీపీ బయటపడేనాటికి ముప్ఫై నాలుగేళ్లు. మా ఊరి ఆర్‌ఎంపీ ఒక మాత్ర ఇచ్చాడు. తగ్గలేదు. రెండో మాత్ర కలిపాడు. అదీ లాభం లేకపోతే టెక్కలిలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బోర్డు మీద ఆయన పేరు వెనక ఇంగ్లీషు అక్షరాలు రైలు పెట్టెల్లా ఉండేవి. అది చూసే నాకు సగం నమ్మకం కుదిరిపోయింది, సిగ్గులేకపోతే సరి! ఆయన మూడో మాత్ర రాశాడు, ఒంట్లో నీరు లాగేది. కొన్నాళ్లకి నాలుగోది. ఎన్ని రాసినా పైన అంకె నూట ఎనభై దిగేది కాదు.

ప్రతిసారీ కిడ్నీ పరీక్ష చేయించేవాళ్లం. ప్రతిసారీ బాగానే వచ్చేది. "ఇప్పటికైతే బాగానే ఉన్నాయి" అనేవాడు డాక్టరు. ఆ మాటలో "బాగానే ఉన్నాయి" అన్నది మా ఇంట్లో ఒక్కరి చెవినా పడలేదు. "ఇప్పటికైతే" అన్న ముక్క పట్టుకుని మా అమ్మ ఏడుపు మొదలెట్టింది. నేను పథ్యం మొదలెట్టాను.

కిడ్నీ రోగులకి కొబ్బరి నీళ్లు, అరటిపళ్లు పెట్టకూడదని ఇక్కడ చంటిపిల్లకీ తెలుసు. వాటిలో ఉండే పొటాషియం ఆ కిడ్నీలు బయటికి పంపలేవట. ఎందుకు పెట్టకూడదో నాకూ తెలుసు. కానీ మా చెల్లి కిడ్నీ రోగి కాదు కదా, దానికెందుకు మాన్పించాలి అన్న చిన్న ప్రశ్న ఈ మహా మేధావికి తట్టలేదు. ఎందుకైనా మంచిదని మాన్పించేశాను. "ఎందుకైనా మంచిది" అనే మాటంత సోమరి మాట ఇంకోటి లేదని నాకు తర్వాత తెలిసింది.

దానికి కొబ్బరి నీళ్లంటే ప్రాణం. ఫ్యాక్టరీ నుంచి వస్తూనే తోటలోకి వచ్చి, "అన్నియ్యా, ఒక్క బొండం కొట్టు, కాళ్లు పీకేస్తన్నాయి" అనేది. ఒంట్లో ఏదో తక్కువైందని ఆ ఒళ్లే అడుగుతోంది పాపం. "చస్తావే, పోయి మజ్జిగ తాగు" అని కసిరేవాణ్ణి. కళ్ల ముందే వ్యాన్ల నిండా బొండాలు ఎగుమతయ్యేవి. అవెక్కడెక్కడివాళ్లో తాగేవారు, నా తోటలో పుట్టి పెరిగిన పిల్ల తప్ప.

ఎండుచేప సంగతి సరేసరి. ఉప్పు తగ్గించాలన్నది నిజమే, అది నేనిప్పుడూ కాదనను. కానీ తను ఎప్పుడో మానేసింది. బీపీ తగ్గకపోయేసరికి ఊళ్లో ఆడవాళ్లంతా గూఢచారులయ్యారు. "నిన్న వాళ్లింటి వేపు నుంచి వాసనొచ్చినాది" అని ఒకామె. బారువ నుంచి ఎండుచేపల బుట్ట వీధిలోకి వస్తే వాసన వీధంతా వస్తుంది గానీ, ఒక్క మా చెల్లి పొయ్యి మీంచే వస్తుందా? ఆ మాటే నేను అనలేకపోయాను. అనకపోగా నమ్మాను.

ఒకరోజు టెక్కలి డాక్టరు నా వైపు తిరిగి, అదక్కడ లేనట్టే, "మందులు వేసుకోవట్లేదండీ ఈవిడ. నాలుగు రకాలు వాడితే ఏనుగుకైనా దిగాలి" అన్నాడు. చెల్లి "ఏసుకుంటన్నాను బాబూ" అంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఉంది చూశారూ, తన చదువు తప్పు కాకూడదంటే అవతలి మనిషి అబద్ధాలకోరు అయి తీరాలి, అలాంటి నవ్వు. గంగిరెద్దులా నేనూ తలూపాను.

మర్నాడు అది పనికి పోయాక వాళ్లింట్లో సోదా చేశాను. అవును, సోదాయే. పోలీసువాడిలా పెట్టెలు తీశాను, పరుపు ఎత్తాను. బియ్యం డబ్బా వెనక ఒక గుడ్డ మూట దొరికింది. నిండా మాత్రలు తీసేసిన ఖాళీ అట్టలు. నెలకో కట్ట చొప్పున రబ్బరు బ్యాండు వేసి, ఏళ్ల తరబడి దాచుకుంది. ఒక్క అట్టలోనూ ఒక్క మాత్రా మిగల్లేదు.

బుర్రున్నవాడు ఏమనుకోవాలి? నేనేమనుకున్నానో తెలుసా? మాత్రలు పెంట మీద పారేసి, మనల్ని నమ్మించడానికి అట్టలు దాచిందనుకున్నాను. సాయంత్రం అందరి ముందూ ఆ మూట విసిరేసి అదే మాటన్నాను. అది అట్టలు ఏరుకుంది. "ఎవులైనా అడిగితే సూపిద్దామని ఉంచినాను అన్నియ్యా" అంది. నేను మాత్రం గెలిచినట్టే ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

ఆ ఎండాకాలం ఫ్యాక్టరీలో పీట మీద నుంచి లేవబోయి లేవలేకపోయింది. కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాం. పొటాషియం బాగా పడిపోయిందని సీసా ఎక్కించారు. రెండు రోజుల్లో నడిచింది. ఎందుకు పడిపోయిందని అడిగిన వాళ్లు లేరు. "వీక్‌నెస్" అని రాశారు. ఆ ఒక్క మాట రాయడానికి అన్నేళ్లు చదవాలా!

ఇక పరిశోధన వాళ్లు. ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేలుస్తామని మా తీరానికి వచ్చిపోయే పరిశోధకులకి లెక్క లేదు. నీళ్లు పట్టుకెళ్తారు, మట్టి పట్టుకెళ్తారు, నెత్తురు పట్టుకెళ్తారు. ఫలితం ఏమయిందని అడిగితే పై ఆఫీసుకి పంపామంటారు. నాకు వాళ్లంటే ఒళ్లుమంట. ఆ ఏడాది కూడా ఒక జట్టు వచ్చి బడి వరండాలో బల్లలు వేస్తే, మా చెల్లిని నేనే వద్దన్నాను. నా మాట వినకుండా వెళ్లి నెత్తురివ్వడానికి చెయ్యి చాపింది. అదొక్కటే మా ఇంట్లో ఎవరైనా చేసిన తెలివైన పని.

వారం తిరక్కుండా వాళ్లలో ఒక డాక్టరమ్మ వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది. చిన్న వయసు, చెప్పులనిండా ఇసుక. "ఈవిడ కిడ్నీలు బానే ఉన్నాయి. నాలుగు మందులకి బీపీ లొంగట్లేదు. పొటాషియం తక్కువ. ఈ మూడూ కలిపి ఎవరూ చూడలేదా?" అంది. నేను వెంటనే, "మాత్రలు వేసుకోదండీ" అన్నాను. అప్పటికీ!

చెల్లి లోపలికి పోయి మూట తెచ్చి ఆమె ముందు విప్పింది. ఆమె అట్టలు ఒక్కొక్కటే తిరగేసి చూసి, "నువ్వు వేసుకున్నావని నాకు తెలుసమ్మా. ఇవి చూడకముందే తెలుసు" అంది. ఎన్ని సూదులు పొడిచినా, కాళ్లు పడిపోయినా ఏడవని మనిషి ఆ మాటకి భోరుమంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఆమె చెప్పింది నాకర్థమైనంత వరకు ఇదీ. కిడ్నీల మీద టోపీల్లా రెండు గ్రంథులుంటాయి. వాటిలో పుట్టే ఆల్డోస్టెరాన్ అనే హార్మోను ఒంట్లో ఉప్పుని పట్టి ఉంచి, పొటాషియాన్ని బయటికి తోసేస్తుంది. అది అవసరానికి మించి ఊరితే ఎన్ని మాత్రలు మింగినా బీపీ దిగదు. మామూలు మందులకి లొంగని బీపీలో ఇది అరుదేమీ కాదట, వెతికేవాళ్లే అరుదట. నీరు లాగే మాత్ర ఉన్న కాస్త పొటాషియాన్నీ ఊడ్చేసింది. మిగిలింది నేను కొబ్బరి బొండం లాక్కుని పూర్తి చేశాను.

విశాఖలో నెత్తురులో ఆ హార్మోను చూశారు, స్కాన్ తీశారు. ఎడమ గ్రంథి మీద సెనగగింజంత గడ్డ. ఆ గ్రంథి తీసేశారు. నెల తిరిగేసరికి చెల్లి బీపీ ఒకే ఒక్క మాత్రకి నూట ముప్ఫైకి దిగి కూచుంది. ఆ కాగితాలు పట్టుకుని టెక్కలి వెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టాను. చూసి, "ఇలాంటివి చాలా రేర్ కేసులండీ" అన్నాడు. తర్వాతి పేషెంటుకి గంట కొట్టాడు. ఛీ, ఆయన్నేం తిడతాను? ఆయన మా చెల్లికి అన్నయ్య కాదు కదా.

ఇక్కడితో అయిపోతే ఈ సంగతి నవ్వుతూ చెప్పుకునేవాణ్ణి. ఆపరేషన్ తర్వాత పరీక్షల్లో పెరగకూడని కిడ్నీ అంకె, క్రియాటినిన్, పెరిగింది. మళ్లీ చూస్తే మళ్లీ పెరిగింది. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. అన్నేళ్ల బీపీ లోలోపల కిడ్నీలని తినేసిందట. ఆ హార్మోను ఎక్కువగా ఉన్నన్నాళ్లూ కిడ్నీలు అదిలించినట్టు పరుగెత్తుతాయి, అందుకే పరీక్షలో బాగున్నట్టు కనపడ్డాయి. అది ఆగాక అసలు రంగు బయటపడింది. తొమ్మిదేళ్ల కిందట బీపీ బయటపడ్డప్పుడే పట్టుకుని ఉంటే ఇంత దాకా వచ్చేది కాదని ఆమె మెల్లిగానే చెప్పింది. ఏ జబ్బు వస్తుందని దాన్ని అన్నేళ్లు కాల్చుకు తిన్నామో, ఆ జబ్బు మేమే చేతులారా తెచ్చిపెట్టాం. డయాలసిస్ దాకా రాకుండా ఆపొచ్చు, జాగ్రత్తగా ఉంటే, అంది. ఆ జాగ్రత్తలు కాగితం మీద రాసిచ్చింది. మానాల్సిన వాటిలో మొట్టమొదటి వరసలోనే కొబ్బరి నీళ్లు ఉన్నాయి. ఇప్పుడు పొటాషియం నిజంగానే ఎక్కువగా ఉంది.

మొన్న తోటలో కొబ్బరికాయల దింపు జరుగుతోంది. చెల్లి వచ్చి పోగు పక్కన కూచుంది. ఎర్రటి ఎండ. ఏమనిపించిందో, నేనే ఒక బొండం చెక్కి దాని చేతికిచ్చాను. "ఒక్క గుక్కకి ఏటీ అవదులే. తాగమ్మా" అన్నాను.

అది బొండం రెండు చేతులా పట్టుకుని, లోపలికి తొంగి చూసి, నా చేతికే తిరిగిచ్చింది.

"నువ్వు తాగు అన్నియ్యా, నాను సూత్తాను. నాను తాగనేదని ఈపాలికైనా నమ్ముతావు."