ఆయన్ని చూసి తీసిన తూటా

తూటాల కౌంటర్ నాకిచ్చారని మన స్త్రీవాద పత్రికవాళ్ళు మీరంతా అభినందించారు కదా, ఆ అభినందనలు వెనక్కి తీసేసుకోండి. నాలుగు రోజుల్లో మళ్ళీ గ్లౌజుల దగ్గరికి వచ్చేశాను. నేరం పితృస్వామ్యం మీదకి తోసేద్దామని చాలా ప్రయత్నించాను. కుదరలేదు.

మాది దుబాయ్‌లో వేట సామాను షాపు. విదేశాలకి వేటకెళ్ళే ఇక్కడివాళ్ళు లైసెన్సు పట్టుకుని మా దగ్గరికొస్తారు. రెండేళ్ళుగా మా ముదీర్ నన్ను గ్లౌజులు, టోపీల దగ్గరే నిలబెట్టాడు. ముదీర్ అంటే అరబీలో మేనేజరన్న మాట. "తూటాలు లేడీస్ చెబితే కస్టమర్ నమ్మడు" అంటాడు. ఊరుకుంటానా? పోట్లాడాను.

"సరే, వారం ట్రయల్. ఒక్క కంప్లయింట్ వచ్చిందా, ఖలాస్! కౌంటర్ నసీర్‌కి."

నసీర్‌ది కడప. పక్కనే బైనాక్యులర్లు అమ్ముతాడు. ఇంట్లో టీ కూడా పెళ్ళామే పెట్టాలనే రకం. అతనికి వదులుతానా? కేటలాగులన్నీ బట్టీ పట్టాను. జింకకి వాడే తూటా లోపలికి దిగాక విచ్చుకోవాలి. విచ్చుకోకపోతే సూదిలా అవతలికి పోతుంది, జింక గాయంతో పరిగెత్తి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. మరీ మెత్తనిదైతే భుజం ఎముక మీదే చితికిపోతుంది. అడగండి, ఇప్పటికీ చెబుతాను.

గురువారం ఒక జంట వచ్చింది. ఆయన కందూరాలో, అదే ఇక్కడి మగవాళ్ళ తెల్లటి నిలువు అంగీలో, తలుపంత మనిషి. వెనకాల అబాయాలో ఆవిడ. వస్తూనే స్టాండు మీది తుపాకి ఎత్తి, ఏదో లాగి చూస్తోంది.

"జాగ్రత్త మేడం, బరువు" అని మెల్లగా తీసుకుని పక్కన పెట్టాను. సోఫా చూపించాను. కాఫీ కూడా తెప్పించాను!

"ఏ జంతువు సర్?"

"జింక. స్కాట్లాండ్‌లో. అయితే..."

ఆ 'అయితే' తర్వాత ఏముందో ఆయన్ని చెప్పనిస్తేగా! పావుగంట ఉపన్యాసమిచ్చాను. ఆయన ఆకారం చూసి, అన్నిట్లోకీ బరువైన, గట్టి రాగి తూటా తీశాను. "మీలాంటివారికి ఇదే సర్."

"అది ఎంత వేగంతో తగిలితే విచ్చుకుంటుంది, సిస్టర్?" ప్రశ్న సోఫాలోంచి వచ్చింది.

పెట్టె మీది అంకె గర్వంగా చదివాను.

"అది గొట్టం దాటేటప్పటి వేగం. నేను కొట్టేది లోయ ఇవతలి నుంచి అవతలికి, మూడు వందల గజాలు. పైగా నా తుపాకి గొట్టం పొట్టి. అక్కడికి చేరేసరికి ఇది నీరసపడి విచ్చుకోదు. గాయపడ్డ జింక కోసం కొండంతా నేను వెతకాలా?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన బెదురుగా, "నేను ఫ్లాస్కు మోస్తాను. రక్తం చూడలేను" అన్నాడు.

నసీర్ వచ్చాడు. "ఏ తుపాకి మేడం? ఎంత దూరం?" రెండే ప్రశ్నలు. కొంచెం తేలికైనది, మొన మెత్తగా ఉన్నది తీశాడు. ఐదు నిమిషాల్లో బిల్లయిపోయింది. బిల్లు దగ్గర ఆవిడ ముదీర్‌తో నవ్వుతూనే అంది: "మీ అమ్మాయికి సబ్జెక్టు వచ్చు. ఆడవాళ్ళే కనబడరు."

ముదీర్ నా వైపు తిరిగాడు. "ఖలాస్."

"వేటకెళ్ళేది ఆవిడని నీకు ముందే ఎలా తెలిసింది నసీర్?"

"తుపాకి ఎత్తంగానే లోపల తూటా ఉందా లేదా అని తెరిచి సూసినాది గదక్కా ఆయమ్మ! ఆయప్పేమో రెండడుగులు ఎనక్కి జరిగినాడు. నువ్వు సూడలా?"

నేను చూడలేదు. షాపుల్లో ఎవరి మొహం చూసి మాట్లాడతారో మన పత్రికలో పోయిన నెలే ఆరు పేజీలు రాసింది నేనే. పీడీఎఫ్ నసీర్‌కి కూడా పంపాను.

గ్లౌజుల దగ్గరికొచ్చి నిలబడ్డానో లేదో, ఆ జంట అక్కడికీ వచ్చింది.

"ఈయనకి గ్లౌజులు కావాలి. ఫ్లాస్కు పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి" అంది ఆవిడ.

ఈసారి తప్పు చేస్తానా! ఆయన వైపు కన్నెత్తి కూడా చూడలేదు. సూటిగా ఆవిడనే అడిగాను: "సైజెంత మేడం?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది.

"చేతులు ఆయనవి, సిస్టర్. ఆయన్ని అడుగు."