అత్తమ్మకు మిగిలిన ఒక్క మాట

మా అత్తమ్మ పోయి పదమూడు రోజులైంది. నేను అయిదో తరగతి దాకానే చదివాను. ఒత్తులు తప్పుతాయి, అక్షరాలు వంకరపోతాయి. మహిళా సంఘం అక్కలూ, మన్నించి చదవండి.

సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల చప్పుడు మధ్య పెరిగిన నాకు, కోరుట్లకు కోడలిగా వచ్చేనాటికి బీడీ చుట్టడం రాదు. అత్తమ్మ తన చాట పక్కనే నా చాట పెట్టి, వేళ్లు పట్టుకుని నేర్పింది. నా మొదటి బీడీ చూసి, "గిదేందే, కడుపుతోని ఉన్నట్టుంది గీ బీడీ" అని నవ్వింది. నేను తల దించుకున్నాను. "సిగ్గుపడుకుంట కూసోకు బిడ్డా. ఆకు తడి మీదున్నప్పుడే చుట్టాలె. ఎండినంక ఎవలు చుట్టినా పగులుతది" అనేది.

జబ్బు చేసిన రోజు పొద్దున ఆమె చేతిలోంచి ఆకు కోసే కత్తెర జారింది. తీసి ఇచ్చాను. మళ్లీ జారింది. మూతి ఒక పక్కకు జరిగినట్టు కనిపించింది. ఏమైందంటే "తిమ్మిరి పట్టింది, తియ్యి" అంది. మాట ముద్దగా వచ్చింది. మామ వాకిట్లో మంచం మీద చాయ తాగుతున్నాడు. మా ఇంట్లో కోడలు మామ ఎదుట మాట్లాడదు. పెళ్లయి మూడేళ్లయినా ఆయనతో నేను నోరు విప్పలేదు. గుమ్మం దాకా పోయి గాజుల చప్పుడు చేశాను. ఆయన తల ఎత్తలేదు. దుబాయిలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేస్తే తీయలేదు. మధ్యాహ్నం పక్కింటి వదిన వచ్చి, చూసి కేక వేసేదాకా అలాగే ఉండిపోయాను.

జగిత్యాల దవాఖానలో డాక్టరమ్మ తల స్కాన్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించింది. మామ వెనక నిలబడి విన్నాను. "గిదంత పెద్ద మెదడు. దీని ఎడమ దిక్కు, కుడి చెయ్యిని, మాటను నడిపిస్తది. గక్కడనే రక్తం ఆగింది. వెనక గీ చిన్న మెదడు మనిషి తూలకుండ చూస్తది, అది మంచిగనే ఉంది. కింద కాడ లెక్క ఉన్నది ఊపిరిని, గుండెను కాస్తది."

"మమ్మల్ని గుర్తుపడ్తదా మేడం?" అని మామ అడిగాడు.

"జ్ఞాపకం వేరే జాగల ఉంటది. గుర్తుపడ్తది, మీరు చెప్పేది సమజైతది. మాటనే రాదు. పొద్దుగాలనే తెస్తే రక్తం గడ్డ కరిగే సూది పనిచేస్తుండె. గింత ఆలస్యమెందుకైంది?"

"మాకు మధ్యాహ్నమే ఎరుకైంది మేడం" అన్నాడు మామ.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇంటికి తెచ్చాక ఆమెకు ఒక్క మాటే మిగిలింది. నీళ్లు కావాలన్నా "ఆకు", దుప్పటి కావాలన్నా "ఆకు". ఎడమ చేత్తో నా చాటలోంచి ఒక ఆకు తీసుకుని, ఒళ్లో పెట్టుకుని సాపు చేస్తూ కూర్చునేది. ఒకనాడు ఆమె తల దువ్వుతూ చెప్పేశాను. "నేను పొద్దుగాలనే చూసిన అత్తమ్మా. మామకు చెప్ప నోరు రాలే."

దువ్వెన పట్టుకున్న నా చేతిని పట్టుకుంది. "ఆకు" అంది. మళ్లీ, "ఆకు, ఆకు" అంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారాయి. తిట్టిందో, ఊరుకొమ్మందో నాకు తెలియలేదు.

అది చెప్పిన మూడో రోజు మళ్లీ రక్తం ఆగింది, ఈసారి ఆ కాడ దగ్గరే. "మామా, ఊపిరి అందుతలేదు, అంబులెన్సును పిలువుండ్రి" అని అరిచాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది. బండి వచ్చేలోపే అయిపోయింది.

సాయంత్రం పూట ఆకు ఇప్పటికీ ఇద్దరికి సరిపడా తడుపుతున్నాను. ఆమె చాటలోది మర్నాడు మధ్యాహ్నానికి ఎండి ముడుచుకుపోతుంది. తీసి పొయ్యిలో వేస్తాను. చదివాక ఈ కాగితాన్ని కూడా మీ పొయ్యిలో వేసెయ్యండి అక్కా. ఆ పొద్దున నేను చూసిన సంగతి మామకు ఇంకా తెలియదు.