గొలుసు లోపల అరగంట

తెల్లవారుజామున అయిదింటికి పర్చూరు బస్టాండులో అక్క నా చేతికి ఇడ్లీల బాక్సు ఇచ్చి, "మీ బావ చేత తినిపించే పూచీ నీది" అంది. ఆ పూచీ కోసమే నేను బయల్దేరాను. లేకపోతే ఆదివారం పూట నిద్ర మానుకుని పొదిలి దారి పట్టాల్సిన ఖర్మ నాకేమిటి?

మా బావ సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. తనతో పనిచేసి సరిహద్దులో చనిపోయిన ప్రభుదాసుకు, పొదిలి అవతల వాళ్ల ఊళ్లో ఒక స్తూపం ఉంది. ఏటా ఆయన పోయిన రోజున పాత సైనికులు అక్కడ వంతులవారీగా కాపలా నిలబడతారు. బావ తన వంతు పూర్తయ్యేదాకా ఏమీ తినడు. ఎందుకని అడిగితే మాట మార్చేస్తాడు. ఇన్నేళ్లూ చెల్లింది గానీ, ఈ ఏడు ఆయనకు షుగరు వచ్చింది.

ఆరున్నర దాటాక ఒంగోలు చేరాం. బస్టాండులో బాక్సు మూత తీశాను. "కాపలా దిగాక తింటాన్రా" అన్నాడు. టీ కూడా వద్దన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని నేను ఒక్కణ్ణే రెండు ఇడ్లీలు తిన్నాను. ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: పొదిలికి బస్సులు బాగానే ఉన్నాయి, కానీ కిటికీ సీటు కావాలంటే ముందే ఎక్కి కూర్చోవాలి.

పక్క సీట్లో మిరప కోతకు వెళ్లే ఒకావిడ బావ మెడల్సునూ మెరిసే బూట్లనూ కాసేపు పరీక్షగా చూసింది. "బ్యాండు మేళమా అన్నా? పెళ్లెక్కడ?" అంది.

"కాదమ్మా, కాపలాకి పోతున్నా."

"ఏ తోటకి?"

బావ నవ్వేశాడు. ఆ నవ్వు చూసి నేను ధైర్యం చేసి అడిగాను: "మాత్ర వేసుకున్నావా?"

"పొద్దున్నే వేసుకున్నా. మీ అక్క ఊరుకుంటుందా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మాత్ర వేసుకుని తినకపోతే కళ్లు తిరిగి పడిపోతాడని డాక్టరు నా ముందే చెప్పాడు. ఆ మాట గుర్తుచేస్తే, "అరగంటేగా, నిలబడతాలే" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఎనిమిదిన్నరకు పొదిలిలో దిగి, ఆటోలో తొమ్మిదింటికి ఊరు చేరాం. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆటో దిగేసరికి ఇద్దరం తుమ్ముతున్నాం. ప్రభుదాసు తల్లి సంతోషమ్మ గారు కాపలాకు వచ్చినవాళ్లందరికీ ఇంటి ముందు ఉప్మా పెట్టిస్తోంది. బావ ఆమె కాళ్లకు దణ్ణం పెట్టి, "తర్వాత తింటానమ్మా" అన్నాడు. ఆమె ఆయన ముఖంలోకి చూసి ఊరుకుంది.

స్తూపం చర్చి పక్కనే ఉంది. చుట్టూ గొలుసు. నాలుగు మూలలా నలుగురు స్తూపానికి వీపు చేసి నిలబడాలి. అసలు తుపాకులు ఎవరిస్తారు? ఊరి వడ్రంగి తుమ్మకర్రతో నాలుగు చేసిపెట్టాడు. వాటిని చూసి ఎవరూ నవ్వరు, మొదట నవ్వబోయిన నేను కూడా నవ్వలేదు. పెద్దాయన ఒకరు, రిటైరయిన సుబేదారు, "శోక్ శస్త్ర్" అని కేకేశారు. నలుగురూ తుపాకుల్ని తిప్పి గొట్టం మొన బూటు మీద ఆనించి, పైకొచ్చిన తుపాకి పిడి మీద చేతులుంచి తలలు వంచారు. శోకంలో ఆయుధం తలకిందులుగా ఉండాలట.

"ఇంక చెమట తుడుచుకోకూడదు, ఈగ వాలినా కదలకూడదు" అని సుబేదారు గారు నాకు చెప్పారు. "గొలుసు లోపలికి ఆ తల్లి తప్ప ఇంకెవరూ పోకూడదండి. ఆమె కావాలంటే మా ముఖాలు తుడవచ్చు."

బావ వంతు పదింటికి మొదలైంది. పావుగంట బాగానే గడిచింది. ఆ తర్వాత ఆయన చేతుల కింద కర్ర తుపాకి సన్నగా వణకడం మొదలుపెట్టింది. చెమట గడ్డం మీంచి కారుతోంది. నేను సుబేదారు గారి చెయ్యి పట్టుకుని సంగతి చెప్పాను. ఆయన గడియారం చూసి, "పిలిచినా రాడండి, నాకు తెలుసు" అన్నారు.

నేను సంతోషమ్మ గారి కుర్చీ దగ్గరికి పరుగెత్తాను. "అమ్మా, మా బావకు షుగరు. మాత్ర వేసుకున్నాడు, ఏమీ తినలేదు" అన్నాను. అంత పెద్దావిడా కోడల్ని కేకేసి బెల్లం ముక్క తెప్పించుకుని, కర్ర ఊతంతో గొలుసు దాటింది. ముందు మిగతా ముగ్గురి ముఖాలూ తుడిచింది. నాకు ఆత్రం ఆగడం లేదు. ఆఖరికి బావ దగ్గరికొచ్చి, కొంగుతో ముఖం తుడిచి, బెల్లం పెదాల దగ్గర పెట్టింది. ఆయన నోరు తెరవలేదు. ఆమె చెవి దగ్గర ఏదో అంది. బావ భుజాలు ఒక్కసారి కదిలాయి. నోరు తెరిచాడు.

కాసేపటికి తుపాకి వణుకు తగ్గింది. పదిన్నరకు తర్వాతి వంతు వాళ్లు నెమ్మది నడకతో వచ్చి నలుగురినీ విడిపించారు. బతుకు జీవుడా అనుకుని నేను చర్చి మెట్ల మీద కూలబడ్డాను. బావ సంతోషమ్మ గారింట్లో రెండు సార్లు ఉప్మా పెట్టించుకున్నాడు.

పొదిలిలో రాత్రికి ఉండాలంటే లాడ్జీలున్నాయి. మాకు ఆ పని పడలేదు. రెండింటి బస్సులో కిటికీ సీటు బావకే ఇచ్చాను.

"చెవిలో ఏమందావిడ?" అన్నాను.

బావ మిరప కల్లాల వైపు తిరిగి చెప్పాడు. "ప్రభుదాసు పోయిన పొద్దున రొట్టెలు తక్కువొచ్చాయిరా. వాడివి కూడా నాకే పెట్టాడు. తర్వాత తింటాలే అన్నాడు. వాడి శవపెట్టెతో పాటు ఇక్కడికొచ్చినప్పుడు ఈమె అడిగిన మొదటి మాట, 'నా కొడుకు తిన్నాడా నాయనా' అని. కడుపునిండా తిన్నాడమ్మా అని చెప్పా."

"మరి ఇవాళ?"

"'వాడు తినుంటే నువ్వు ఏటా పస్తెందుకుంటావురా? నాకు ఎప్పుడో తెలుసు. ఇంక తిను' అంది."

ఒంగోలు దగ్గర పడుతుండగా అక్క ఫోను చేసింది. బావ నా చేతిలోంచి ఫోను లాక్కుని, "తిన్నానే" అన్నాడు. తర్వాత నా సంచిలోంచి బాక్సు తీసి, చల్లారిపోయిన ఇడ్లీలు ఒక్కటీ మిగల్చకుండా తిన్నాడు.